కొల్వు ఏడిదాక వచ్చె?

తిరుమలగిరి చౌరస్తాలో బస్సు దిగిన మా మేనల్లుణ్ని ఊరి పెద్దమనిషి ఒకాయన ఆపి అడిగాడు: "ఏం మనుమడా, కొల్వు ఏడిదాక వచ్చె?" వాడు బ్యాగు ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకొని, "నడుస్తుంది తాతా" అన్నాడు. ఆయన మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. నాట్లు ఏడిదాక వచ్చె, ఇల్లు ఏడిదాక వచ్చె అని అడిగినట్టే అడిగాడు. కానీ ఇంటికి నడిచే దారంతా వాడు మళ్లీ నోరు విప్పలేదు. పక్కన నడుస్తున్న నాకు ఆ పెద్దాయన మాటే చెవిలో తిరుగుతూ ఉంది. కొల్వు. ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ని, ఈ మాటను ఎన్నిసార్లు పలికి ఉంటానో లెక్కలేదు. ఆగి చూసింది మాత్రం ఆ రోజే.

కొలువుకు మూలం కొలుచు అనే క్రియ. ఈ క్రియ తెలుగులో రెండు పనులు చేస్తుంది. ఒకటి సేవించడం. దేవుణ్ని కొలుస్తాం, ఎల్లమ్మను కొలుస్తాం, కొలుపులు చేస్తాం. రెండోది లెక్కగట్టడం. వడ్లు కొలుస్తాం, గుడ్డ కొలుస్తాం, భూమి కొలుస్తాం. మొదటి దాని వెంట కొలువు, కొలువుకాడు, కొలువుకూటం వచ్చాయి. రెండో దాని వెంట కొల, కొలత, కొలబద్ద, కొలగాడు వచ్చాయి. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువు తీసి చూస్తే కొలువుకు సేవ అన్న అర్థమూ ఉంటుంది, రాజసభ అన్న అర్థమూ ఉంటుంది. చాకిరీ చేసే పనికీ, ఆ చాకిరీ అందుకునే సభకూ ఒకటే పేరన్నమాట. రాజు కొలువు తీరతాడు, బంటు కొలువు చేస్తాడు. యాదగిరిగుట్ట మీద నరసింహస్వామి కొలువై ఉన్నాడంటాం, ఆ గుట్ట మీద పనిచేసే వారిదీ కొలువే అంటాం. పండగకు మెట్లు మెట్లుగా బొమ్మలు పేర్చినా అది బొమ్మల కొలువే. ఏ బొమ్మ ఏ మెట్టు మీద ఉండాలో ఇంటి ఆడవాళ్లకు తెలుసు. మాటలోని అసలు సంగతి అక్కడుందని నాకు అనిపిస్తుంది: కొలువంటే ఒక చోటు. కూర్చునేవాడికీ చోటే, చేతులు కట్టుకొని నిలబడేవాడికీ చోటే. తలుపు బయట ఉన్నవాడికి మాత్రం ఈ మాటలో ఏ పేరూ లేదు.

మా తిరుమలగిరికి పక్కనే, నాగారం మండలంలో ఫణిగిరి గుట్ట ఉంది. బౌద్ధ స్తూపాలు, విహారాలు బయటపడిన చోటు. అక్కడ దొరికిన శాసనాల్లో ఒకటి ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరం నాటిది. ఆ శాసనం ప్రకారం ధర్మచక్రాన్ని నిలబెట్టించింది రాజవైద్యుల్లో ప్రధానుడు. పదిహేడు వందల ఏళ్ల కిందట ఈ గడ్డమీద ఒక మనిషి తన దానాన్ని రాతిమీద చెక్కించుకుంటూ తన కొలువును కూడా చెక్కించుకున్నాడు. ఇవాళ పిల్లకు సంబంధం చూస్తే పేరు తర్వాత వచ్చే మొదటి ప్రశ్న అబ్బాయి ఏం చేస్తాడని. ఆ అలవాటు ఇవాళ్టిది కాదు.

కొలువు వద్దన్నవాడి కథ కూడా మాకు దగ్గరలోనే పుట్టింది. పాలకుర్తి దగ్గరి బమ్మెర పోతనది. రాజాస్థానం వద్దని నాగలి పట్టి బతికాడని ఆయన గురించి తరతరాలుగా చెప్పుకుంటాం. నేనూ తరగతిలో గొంతెత్తి చెప్పాను. ఒకసారి వెనక బెంచీ పిల్లవాడు లేచి, "సార్, ఆయనకు ఎన్నెకరాలు?" అని అడిగాడు. పిల్లలు నవ్వారు. ఆ ప్రశ్నలో నవ్వడానికి ఏమీ లేదని ఇప్పుడు అర్థమవుతున్నది. మా మేనల్లుడి తండ్రి, మా బావకు ఉన్నది రెండెకరాల పదిగుంటలు, పంచుకోవాల్సిన వాళ్లు ముగ్గురు. శ్రీరాంసాగర్ కాలువ నీళ్లు వచ్చిన ఏడు రెండు పంటలు, రాని ఏడు ఒకటి. ఆ నేలమీద నిలబడి కొలువు వద్దనడం ఎవరికీ సాధ్యం కాదు.

మా నాయిన రోజుల్లో మా ఇంట్లో కొలువు అనే మాట తక్కువ, నౌకరి ఎక్కువ. నౌకరి నిజాం సర్కారు ఉర్దూ దఫ్తర్ల నుంచి వచ్చింది. ఉర్దూకు ఫారసీ నుంచి, ఫారసీకి మంగోలుల నుంచి. మంగోలు భాషలో దాని మూలానికి సహచరుడు, తోటి యోధుడు అని అర్థం. తోటివాడు దారిలో ఎక్కడో పనివాడయ్యాడు. 1919 ఫర్మానాతో గట్టిపడ్డ ముల్కీ నిబంధనలు, 1952 ముల్కీ అల్లర్లు, 1969 ఉద్యమం, 1985 డిసెంబర్ 30 నాటి 610 జీవో, వీటన్నిటి నడుమా ఉన్నది నౌకరే. తెలంగాణ మలిదశ ఉద్యమంలో నీళ్లు, నిధులతో పాటు మూడో మాట నియామకాలు. ఆ ఉద్యమం తర్వాత పత్రికల శీర్షికల్లో కొలువు మళ్లీ ముందుకొచ్చింది. మూడక్షరాలు, చోటు తక్కువ పడుతుంది, అచ్చ తెలుగు. కొలువుల జాతర అన్నారు. 2017 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో జరిగిన పెద్ద సభకు కొలువుల కొట్లాట అని పేరు పెట్టారు. జాతర, కొట్లాట: రెండూ గుంపు ఉన్నచోట పుట్టే మాటలే. 8 వేల చిల్లర గ్రూప్-4 పోస్టులకు తొమ్మిదిన్నర లక్షల మంది దరఖాస్తు చేసిన చోట వేరే మాట ఎట్లా పుడుతుంది?

ఇక రెండో అర్థం దగ్గరికి వస్తాను. నన్ను ఎక్కువ పట్టుకున్నది అదే.

చిన్నప్పుడు కల్లంలో వడ్లు కొలవడం చూశాను. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కుంచం పట్టినవాడు తూర్పు ముఖం పెట్టి కూర్చునేవాడు. మొదటి కుంచం పోసి ఒకటి అనడు. "లాభం" అంటాడు. రెండోది పోసి "లాభమే రెండు" అంటాడు, ఆ తర్వాత మూడు, నాలుగు. లెక్క మొదలే మంచి మాటతో కావాలని. మధ్యలో ఎవరన్నా పలకరిస్తే జవాబు ఇవ్వడు, ఆ అంకెనే మళ్లీ మళ్లీ అంటూ కుంచం నింపుతాడు. లెక్క తప్పితే పోసిన రాశిని మళ్లీ మొదటినుంచి కొలవాలి, అది ఇంటివాడికి నష్టం, కూలికి నష్టం. ఏడాది పని చేసిన జీతగాడి వడ్లు కూడా అక్కడే, ఆ కుంచంతోనే కొలిచి పోసేవాళ్లు. జీతం అనే మాటకు ప్రకృతి జీవితం. సంస్కృతంలో బతుకు అన్నది మనకు వచ్చేసరికి బతకడానికి ఇచ్చేది అయింది. కొలిచి పోసిన ఆ వడ్లు ఇంటిల్లిపాదీ ఏడాది తినడానికి సరిపోయాయా లేదా అన్నదే జీతానికి అర్థం. గడీల కాలంలో అసలే కొలవకుండా చేయించుకున్న పనికి వెట్టి అని పేరు. ఈ ప్రాంతం మనుషులు ఆ మాట మీద తిరగబడినవాళ్లు.

ఇప్పుడు తిరుమలగిరి మార్కెట్ యార్డుకు పోతే కుంచాలు లేవు, ఎలక్ట్రానిక్ కాంటాలున్నాయి. వడ్లలోకి మీటరు గుచ్చి తేమ చూస్తారు, 17 శాతం దాటితే మళ్లీ ఆరబోయమంటారు. తాలు చూస్తారు, బస్తాకింత అని తరుగు తీస్తారు. మా బావ ఆ కాంటా ముందు నిలబడితే, ఆయన కొడుకు మరో కాంటా ముందు నిలబడ్డాడు. పోలీసు కొలువుకు మగపిల్లవాడి ఎత్తు 167.6 సెంటీమీటర్లు ఉండాలి. ఛాతీ 86.3, గాలి పీలిస్తే మరో 5 పెరగాలి. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి, 4 మీటర్లు దూకాలి, 7.26 కిలోల గుండును 6 మీటర్లు విసరాలి. మావాడు అన్నీ దాటాడు, రాతపరీక్షలో ఆగిపోయాడు. దశాంశ బిందువు దాకా మనిషిని కొలిచారు. కొలవడం తప్పని నేను అనను. వందల పోస్టులకు లక్షల మంది వచ్చినప్పుడు కొలబద్ద లేకుండా న్యాయం జరగదు. నా బాధ వేరే. కొలుచు అన్న క్రియలో కొలిచేవాడికీ ఒక ధర్మం ఉంది. లెక్క మొదలుపెట్టినవాడు లెక్క పూర్తి చేయాలి.

గ్రూప్-1 సంగతి చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన నోటిఫికేషన్ తర్వాత, తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్ 26న వచ్చింది, 503 పోస్టులకు. మా మేనల్లుడు పోలీసు కొలువుతో పాటు దీనికీ కూర్చున్నాడు. 2022 అక్టోబర్ 16న ప్రిలిమ్స్ రాశాడు. 2023 జనవరిలో మెయిన్స్‌కు ఎంపికైన 25,050 మందిలో వాడి నంబరు ఉంది. ఆ రోజు మా అక్క బెల్లం పంచింది. ప్రశ్నపత్రాలు బయటికి పోయాయని తేలి మార్చి 17న ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ రాశాడు. బయోమెట్రిక్ తీసుకోలేదన్న కారణంతో సెప్టెంబర్ 23న హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరి 19న 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న మళ్లీ ప్రిలిమ్స్. ఒకే కొలువుకు మూడుసార్లు మొదటి మెట్టు. మూడోసారి వాడి నంబరు రాలేదు. ఆ అక్టోబర్‌లో మెయిన్స్ జరిగాయి, దిద్దిన తీరుమీద మళ్లీ కోర్టు వ్యాజ్యాలు నడిచాయి, 2025 సెప్టెంబర్ చివరలో ఎంపికైనవాళ్లకు నియామకపత్రాలు అందాయి. 2022 డిసెంబర్ 29న వచ్చిన 783 పోస్టుల గ్రూప్-2కు పరీక్ష తేదీ మారుతూ మారుతూ 2024 డిసెంబర్ 15, 16కు చేరింది. నోటిఫికేషన్ నుంచి పరీక్ష దాకానే రెండేళ్లు.

రెండేళ్లు అని రాయడానికి రెండు మాటలు చాలు. వాటి ఖరీదు నేను మావాడి నోటుపుస్తకంలో చూశాను. అది కరెంట్ అఫైర్స్ రాసుకునే పుస్తకం. వెనక నుంచి తిప్పితే ఖర్చులు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్ 2022లో నెలకు 5,000, 2024కు 6,500. గది ఒకటి, మంచాలు నాలుగు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున ఆలస్యమైతే కుర్చీ దొరకదు కాబట్టి ప్రైవేటు స్టడీ హాల్ సీటుకు 1,200. టెస్ట్ సిరీస్, జిరాక్స్, టీ. మధ్యాహ్నం చాలా తేదీల ఎదురుగా 5 అన్న అంకె ఉంది. నగరంలో 2014 నుంచి నడుస్తున్న ఐదు రూపాయల భోజనం అది. ఆ వరుసలో నిలబడ్డవాళ్లలో సగం మంది చేతుల్లో పుస్తకాలుండేవని చెప్పాడు. 2023 జూలై పేజీలో పై అంచున చిన్నగా "హాస్టల్ల టమాట బంద్" అని రాసుంది. గ్రూప్-4 పరీక్ష రాసిన నెల అది, హైదరాబాద్‌లో టమాట కిలో వంద దాటి ఇంకా పైకి పోతున్న నెల. ఆ ఏడాది మార్చి నుంచి ఆగస్టు చివరి దాకా హైదరాబాద్‌లో వంటగ్యాస్ సిలిండర్ 1,155 రూపాయలు. ఊళ్లో మా అక్క సిలిండరును చాయకే ఉంచి కట్టెల పొయ్యి మళ్లీ ముట్టించింది, కొడుకుకు చెప్పలేదు. కొడుకు సాయంత్రం తిండి మానేసిన సంగతి తల్లికి చెప్పలేదు. ఇద్దరి సంగతీ నాకు తెలుసు. నేను ఎవరికీ చెప్పలేదు.

పుస్తకంలో ఒక పేజీ మొత్తం ఫీజులది. టెట్ ఫీజు 2023లో 400. 2024లో ఒక పేపరుకు 1,000, రెండు పేపర్లకు 2,000 చేశారు. గోల అయ్యాక ఆ ఏడాది చివరి టెట్‌కు 750, 1,000 చేశారు. మావాడు బీఎడ్ కూడా చేసి ఉన్నాడు కాబట్టి 11,062 పోస్టుల డీఎస్సీకీ కట్టాడు, అదో వెయ్యి. వేర్వేరు పూటల్లో జరిగిన ఆ పరీక్షల మార్కులను నార్మలైజేషన్ పేరుతో సరిచేశారు. ఒక పూట పేపరు కష్టం, ఒక పూట సులువు, అందుకని సర్దుబాటు. మా బావకు అది ఎంత చెప్పినా అర్థం కాలేదు. చివరికి ఆయనే "అంటే తరుగు తీసిన్రు" అన్నాడు. లెక్కల్లో అది సరిగ్గా తరుగు కాకపోవచ్చు. కానీ తన కళ్లముందు కనిపించని కాంటా మీద తన సొత్తు తూగినప్పుడు రైతుకు కలిగే అనుమానం ఆ ఒక్క మాటలో ఉంది. కొలత కనపడాలి. కుంచానికి ఊళ్లో విలువ వచ్చిందే అది నలుగురి ముందు నిండుతుంది కాబట్టి.

ఇంత చేసినవాణ్ని ఏమని పిలుస్తున్నాం? నిరుద్యోగి. ఈ మాట మీద నాకు కోపం ఉంది, దాచుకోను. ఉద్యోగం అంటే సంస్కృతంలో పూనిక, ప్రయత్నం. భారతంలో ఉద్యోగపర్వం అంటే అక్కడెవరికో పని దొరికిన పర్వం కాదు, ఇరుపక్షాలూ సన్నద్ధమైన పర్వం. తెలుగులో ఆ మాట జీతం వచ్చే పనికి స్థిరపడింది, పడనివ్వండి. కానీ దాని ముందు నిర్ తగిలించి, పొద్దున ఐదింటికి లేచి రాత్రి పదకొండింటిదాకా చదివే పిల్లవాడికి, పరుగు కోసం తెల్లవారకముందే గ్రౌండుకు పోయే ఆడపిల్లకు అంటగడితే, ప్రయత్నం లేనివారని అంటున్నట్టే. వాళ్లు ఆ మాట తమంతట తాము వాడటం నేను వినలేదు. ధర్నా బ్యానర్ మీద రాస్తారు, ఎందుకంటే ప్రభుత్వానికి తెలిసిన పేరు అదే. తమ మధ్య మాత్రం "ప్రిపరేషన్ల ఉన్న" అంటారు. ఏ ఏడు నుంచి, ఏ గ్రూప్‌కు, ఏ హాస్టల్లో: అది ఒక వృత్తి చెప్పుకున్నట్టే చెప్పుకుంటారు. ఇంగ్లిషు మాటే అయినా అందులో ఉద్యోగపర్వపు అసలు అర్థం మిగిలి ఉంది. మన దగ్గర దానికి తెలుగు మాట లేకపోవడం భాష తప్పు కాదు, ఆ స్థితిని మనం ఒక చోటుగా ఒప్పుకోకపోవడం తప్పు. ఊళ్లో అయితే ఇంకా పొట్టి మాట ఉంది: "ఖాళీగున్నడు."

మావాడు ఖాళీగా మాత్రం లేడు. అది చెప్పేముందు వాడు ఊరికి తిరిగొచ్చిన సంగతి చెప్పాలి.  2025 మార్చి 30న, ఉగాది నాడు, మా జిల్లా హుజూర్‌నగర్‌లోనే రేషన్ సన్నబియ్యం మొదలైంది, మనిషికి నెలకు 6 కిలోలు. ఆ బియ్యం మా అక్క ఇంట్లో నిజంగా అక్కరకొచ్చింది, కాదనను. కానీ ఆరు కిలోల దగ్గర నిలబడి ఆమె మొదట కట్టిన లెక్క ఇది: నా కొడుకు ఈడుంటే ఆరు కిలోలు తింటడు, ఆడుంటే ఆరువేలు కట్టాలె. మావాడు సామాను సర్దుకొని తిరిగొచ్చింది ఆ ఎండాకాలమే. ఇప్పుడు పంట కాలంలో వడ్ల కొనుగోలు కేంద్రంలో తూకాలు రాస్తాడు. కాంటా పక్కన కుర్చీలో కూర్చుని రైతు పేరు, బస్తాలు, తేమ, బరువు. మిగతా నెలల్లో పొద్దున తండ్రితో పొలం, రాత్రి పుస్తకం. మొదటి బస్తా రాసేటప్పుడు లాభం అంటావా అని అడిగాను. రిజిస్టర్ల ఒకటి అనే రాయాలె మామా, కానీ మనసుల అనుకుంట అన్నాడు.

ప్రభుత్వాన్ని అడగాల్సింది ఒకటుంది. 2024 ఆగస్టు 2న అసెంబ్లీలో జాబ్ క్యాలెండర్ ప్రకటించారు. క్యాలెండర్ అన్నప్పుడు తేదీలు తప్పకూడదు. నోటిఫికేషన్ మీద పోస్టుల సంఖ్యతో పాటు పరీక్ష ఎప్పుడు, ఫలితం ఎప్పుడు, నియామకం ఎప్పుడు అన్న మూడు తేదీలు అచ్చువేయాలి. అభ్యర్థి తప్పు లేకుండా పరీక్ష రద్దయితే, మళ్లీ రాసేదాకా వాడి హాస్టల్ ఖర్చులో కొంతయినా భరించాలి. అభ్యర్థిని సెంటీమీటరులో పదో వంతు దాకా కొలవగలిగిన యంత్రాంగానికి అభ్యర్థి నెలలను కొలవడం కష్టం కాదు.

చదువుతున్నవారికి నా వినతి ఇంకా చిన్నది. చౌరస్తాలో, పెండ్లిలో, చావింటి దగ్గర ఇట్లాంటి పిల్లలు కనపడితే కొల్వు వచ్చిందా అని అడగకండి. ఏ పరీక్ష రాస్తున్నవు, ఎప్పుడుంది అని అడగండి. ఆ ప్రశ్నకు వాళ్లు తలెత్తి జవాబు చెప్తారు. మా మేనల్లుణ్ని మొన్న నేను అట్లాగే అడిగాను. ఏ పరీక్షో వెంటనే చెప్పాడు, తేదీ ఇంకా రాలేదన్నాడు.